ఎలక్ట్రానిక్ బూస్ట్ కంట్రోలర్ బిగించాక బూస్ట్ అదుపులో ఉండటం లేదు: గొట్టాల అమరికలో పొరపాటు ఎక్కడ?

ప్రశ్న (నాలుగో గేరు)

నమస్కారం. నా కారులో 2 లీటర్ల పెట్రోలు ఇంజను, ఒకే టర్బో (ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని నొక్కి పంపేది), ఆ టర్బో ఒంట్లోనే అమర్చిన వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌లో కొంత భాగాన్ని టర్బోను తప్పించి పంపే తలుపు) ఉన్నాయి. కారు పాతది కాబట్టి దాని ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) ఇంధనాన్నీ ఇగ్నిషన్‌నూ మాత్రమే చూసుకుంటుంది, బూస్ట్ (టర్బో అదనంగా పెంచే గాలి పీడనం) జోలికి పోదు. వేస్ట్‌గేట్‌ను కదిపే యాక్చువేటర్‌లోని స్ప్రింగ్ ఎంత పీడనానికి లొంగుతుందో అంతే బూస్ట్ ఇంతకాలం వచ్చేది. గేజీలో అది 0.5 బార్. ఇంజెక్టర్లు, ఇంధన పంపు, ఇంటర్‌కూలర్ మార్చిన తరువాత, తాత్కాలికంగా చేత్తో తిప్పే బ్లీడ్ వాల్వు (యాక్చువేటర్‌కు వెళ్లే గాలిలో కొంత బయటికి వదిలేది) ఒకటి పెట్టి, 0.9 బార్ వరకు ఇంధన మ్యాపును (ఏ స్థితిలో ఎంత ఇంధనం పోయాలో ఈసీయూకు చెప్పే పట్టికను) డైనో (కారును నిలిపి నడిపి కొలిచే యంత్రం) మీద సరిచేయించుకున్నాను. ఇప్పుడు ఆ వాల్వు తీసేసి, మూడు నోళ్ల సొలినాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు)తో పనిచేసే ఎలక్ట్రానిక్ కంట్రోలర్‌ను నేనే బిగించాను. నా లక్ష్యం 0.8 బార్.

కంట్రోలర్‌లో డ్యూటీ (సొలినాయిడ్‌కు కరెంటు అందే సమయం, శాతంలో) సున్నా పెట్టి మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, బూస్ట్ 0.5 దగ్గర ఆగకుండా 1.1 బార్ దాకా ఎగబాకి, ఈసీయూ ఇంధనం ఆపేసింది. వెంటనే కాలు తీసేశాను. డ్యూటీని 40 శాతానికి పెంచి మరోసారి, ఈసారి చాలా జాగ్రత్తగా ప్రయత్నిస్తే, విచిత్రంగా బూస్ట్ 0.9 దగ్గరికి తగ్గింది. సొలినాయిడ్‌ను పూర్తిగా తప్పించి టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ నుంచి యాక్చువేటర్‌కు గొట్టం నేరుగా కలిపితే మళ్లీ పాత 0.5 బార్ వస్తోంది. వైర్లు సరిచూశాను, సొలినాయిడ్ టకటకమని కొట్టుకోవడం కూడా వినిపిస్తోంది. లోపం కంట్రోలర్‌లో ఉందా, సొలినాయిడ్‌లో ఉందా, లేక నేను కలిపిన తీరులోనే ఉందా?

జవాబు 1 (వర్క్‌షాప్ మనిషి)

మీ కంట్రోలర్ బాగానే ఉంది. డ్యూటీ పెంచితే బూస్ట్ తగ్గిందని మీరు రాసిన ఒక్క వాక్యంలోనే జవాబు ఉంది: గాలి వచ్చే గొట్టమూ, గాలి బయటికి వదిలే నోరూ సొలినాయిడ్ మీద తారుమారయ్యాయి.

యాక్చువేటర్ డయాఫ్రం మీద గాలి పీడనం పడితే స్ప్రింగ్ నొక్కుకుపోతుంది, కడ్డీ ముందుకు జరుగుతుంది, వేస్ట్‌గేట్ రేకు తెరుచుకుంటుంది, ఎగ్జాస్ట్ వాయువులో కొంత భాగం టర్బోను తిప్పే టర్బైన్‌ను తప్పించుకుని పోతుంది. కాబట్టి బూస్ట్ కంట్రోలర్ దేన్నీ పెంచదు. యాక్చువేటర్‌కు చేరవలసిన పీడనంలో కొంత భాగాన్ని చేరకుండా ఆపుతుంది, అంతే. ఆ పీడనం అసలే చేరకపోతే రేకును తెరిచే శక్తి ఏదీ ఉండదు, ఇంజను ఎంత గాలి మింగగలిగితే అంతవరకూ బూస్ట్ పెరుగుతూనే పోతుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే.

మూడు నోళ్ల సొలినాయిడ్‌లో ఒక నోరు ఉమ్మడిది. కరెంటు లేనప్పుడు ఆ ఉమ్మడి నోరు రెండో నోటితో కలిసి ఉంటుంది, మూడోది మూసుకుని ఉంటుంది. కరెంటు ఇవ్వగానే రెండోది మూసుకుని ఉమ్మడి నోరు మూడోదానితో కలుస్తుంది. మీ పనికి ఉమ్మడి నోరు యాక్చువేటర్‌కు, కరెంటు లేనప్పుడు దానితో కలిసి ఉండే నోరు కంప్రెసర్ నుంచి వచ్చే గొట్టానికి, మిగిలినది చిన్న ఫిల్టరు తొడిగి బయటి గాలికి వెళ్లాలి. అప్పుడు ఫ్యూజు పోయినా, వైరు తెగినా, కంట్రోలర్ చచ్చిపోయినా మీ కారు 0.5 బార్ మీద మామూలుగా నడుస్తుంది. ఈ ఒక్క గుణం కోసమే ఈ అమరికను నేను ఎప్పుడూ పట్టుబట్టి చేస్తాను.

నోళ్ల మీద చెక్కిన అంకెలను నమ్మకండి, ఎందుకంటే ఒక్కో తయారీదారు ఒక్కో వరుసలో అంకెలు వేస్తారు. సొలినాయిడ్‌ను కారు నుంచి విప్పి, శుభ్రమైన గొట్టం ముక్క తగిలించి, కరెంటు లేకుండా ఒక్కో నోట్లో నోటితో ఊదండి. తరువాత 12 వోల్టులు ఇచ్చి మళ్లీ ఊదండి. ఏది దేనితో ఎప్పుడు కలుస్తుందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తేలినదాన్ని సొలినాయిడ్ మీదే రంగుతో గుర్తు పెట్టుకుంటే మరోసారి విప్పినప్పుడు అనుమానం రాదు.

గొట్టాలు సరిచేశాక మొదటి పరుగు మళ్లీ డ్యూటీ సున్నా మీదే చేయండి. 0.5 బార్ వచ్చి అక్కడే నిలబడితేనే తరువాతి అడుగు వేయాలి. ఆ అంకె కన్నా ఎక్కువ వస్తే కంట్రోలర్ మీటలను ముట్టుకోవద్దు, మళ్లీ గొట్టాల దగ్గరికే వెళ్లండి.

జవాబు 2 (మ్యాపు గీసేవాడు)

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ప్రశ్నలో 1.1 బార్ అన్న అంకె చూసి నాకు కాస్త ఆందోళన కలిగింది కనుక ఇంధనం వైపు నుంచి కొన్ని మాటలు చేర్చాలి.

గేజీ చూపేది బయటి గాలి పీడనానికి పైన ఉన్న భాగాన్ని మాత్రమే. ఇంజను దృష్టిలో 0.5 బార్ బూస్ట్ అంటే దాదాపు 1.5 బార్, 0.8 అంటే 1.8 బార్. అంటే గాలి వేడి మారలేదనుకుంటే ఇంజనులోకి 20 శాతం ఎక్కువ గాలి వెళుతుంది, అంతే నిష్పత్తిలో ఇంధనమూ పెరగాలి. చాలా పాత కార్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ పీడన సెన్సార్ సుమారు 2 బార్ వరకే కొలవగలదు, అంటే గేజీ మీద 1 బార్. ఆ హద్దు దాటాక ఎంత గాలి వస్తోందో ఈసీయూకు కనిపించదు కనుక ఇంధనం పెరగదు, మిశ్రమం పలచబడుతుంది, నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, పిస్టన్ పైభాగం గానీ రింగుల మధ్య గట్టు గానీ విరిగేది అక్కడే. మీ ఈసీయూ ఇంధనం ఆపేయడం మీ ఇంజనుకు చేసిన మేలు. ఆ కోతను తప్పించే పరికరాలు దొరుకుతాయి గానీ, దయచేసి అటువైపు చూడకండి. కంట్రోలర్‌లో కూడా అధిక బూస్ట్ హెచ్చరిక ఉంటే దాన్ని 0.9 దగ్గర పెట్టండి.

ఎలక్ట్రానిక్ పద్ధతిలో బూస్ట్‌ను నియంత్రించడం 1980ల తొలి సంవత్సరాల్లో సాబ్ కార్లలోని ఏపీసీ వ్యవస్థతో పేరు తెచ్చుకుంది. అందులో నాకింగ్‌ను వినే సెన్సార్ చెప్పినదాన్ని బట్టి సొలినాయిడ్ బూస్ట్‌ను తగ్గించేది. విడిగా కొని బిగించే కంట్రోలర్లలో చాలావాటికి ఆ చెవి లేదు, అవి పీడనాన్ని మాత్రమే చూస్తాయి. అందువల్ల ఆ చెవి పని మీరు చేయాలి: వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ (ఎగ్జాస్ట్‌ను బట్టి గాలి-ఇంధన నిష్పత్తిని కొలిచేది) పెట్టుకుని, పూర్తి బూస్ట్‌లో గాలి-ఇంధన నిష్పత్తి మీ మ్యాపు గీసినవారు నిర్ణయించిన చోటే, పెట్రోలుకు సాధారణంగా 11.5, 12 మధ్య, ఉంటోందో లేదో ప్రతి పరుగులోనూ నమోదు చేసుకోండి. ఇంజెక్టర్లు 85 శాతం సమయానికి మించి తెరుచుకుని ఉంటే అక్కడే ఆగిపోండి. బూస్ట్ పెరిగాక అధిక వేగంలో ఇంజను తడబడితే ముందు స్పార్క్ ప్లగ్గుల సందు చూడండి. పీడనం పెరిగినకొద్దీ నిప్పురవ్వ ఆ సందు దాటడం కష్టమవుతుంది.

బిగింపు విషయంలో రెండు మాటలు. కంట్రోలర్ సెన్సార్‌కు వెళ్లే సన్నని గొట్టాన్ని థ్రాటిల్ దాటిన తరువాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచే తీసుకోండి, దాన్ని బ్లో-ఆఫ్ వాల్వు (థ్రాటిల్ మూయగానే మిగిలిన పీడనాన్ని వదిలేది) గొట్టంతో పంచుకోకండి. యాక్చువేటర్‌కు వెళ్లే గాలిని మాత్రం మీరు చేసినట్టు కంప్రెసర్ దగ్గరే తీసుకోవాలి. మానిఫోల్డ్ నుంచి తీసుకుంటే ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు ఆ డయాఫ్రం మీద అనవసరంగా శూన్యం లాగుతుంది. సొలినాయిడ్‌ను ఎగ్జాస్ట్ వేడికి దూరంగా, ఇంజను మీద కాకుండా కారు ఒంటికి బిగించండి. తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులను ఫ్యూజు ద్వారా ఒక వైరుకు ఇచ్చి, రెండోదాన్ని కంట్రోలర్‌కు వదిలేయండి. చాలా కంట్రోలర్లు ఎర్త్ వైపునే తెరిచి మూస్తాయి, అయినా మీ కంట్రోలర్ చిత్రపటంలో ఎలా ఉందో అలాగే కలపండి. ప్రతి గొట్టానికీ క్లిప్పు ఉండాలి. యాక్చువేటర్ గొట్టం ఊడిపోతే ఏ కంట్రోలరూ కాపాడలేదు, ఎందుకంటే అప్పుడు మళ్లీ మీరు మొదట చూసిన పరిస్థితే వస్తుంది.

ఇక ఈ పరుగులన్నీ డైనో మీద గానీ మూసివున్న ట్రాక్ మీద గానీ చేయండి. అంకెలు చూస్తూ బండి నడపడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ప్రశ్నించినవారి నుంచి (నాలుగో గేరు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఊది చూస్తే మీరు చెప్పినట్టే గాలి నోరూ వదిలే నోరూ తారుమారై ఉన్నాయి. సరిచేశాక డైనో మీద డ్యూటీ సున్నాతో 0.5 బార్ కదలకుండా నిలిచింది. ఆ తరువాత 5 శాతం చొప్పున పెంచుకుంటూ పోతే 35 శాతం దగ్గర 0.8 వచ్చింది. మిశ్రమం 11.7 దగ్గర స్థిరంగా ఉంది, నాకింగ్ లేదు.

అయితే రెండు లోపాలు మిగిలాయి. బూస్ట్ ఎక్కే క్షణంలో ఒకసారి 0.95 దాకా ఎగిరి, తరువాత 0.8కి దిగుతోంది. ఇంజను 6000 చుట్లు దాటాక మెల్లగా 0.7కి పడిపోతోంది. కంట్రోలర్‌లో ‘స్టార్ట్ బూస్ట్’, ‘గెయిన్’ అని రెండు మీటలు ఉన్నాయి. వాటిని ఏ వరుసలో కదపాలో తెలియడం లేదు. ప్రస్తుతం స్టార్ట్ బూస్ట్ 0.75 మీద, గెయిన్ మధ్యలో ఉన్నాయి.

జవాబు 3 (వర్క్‌షాప్ మనిషి)

మీటలకన్నా ముందు ఒక అనుమానం తీర్చండి. పాత బ్లీడ్ వాల్వు కోసం గొట్టంలో సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క ఒకటి, ఒక టీ కలుపు పెట్టి ఉంటారు. గాలిని కొద్దికొద్దిగా వదిలే పాత పద్ధతికి ఆ ముక్క అవసరం, ఎందుకంటే కంప్రెసర్ నుంచి గాలి అడ్డూ ఆపూ లేకుండా వస్తూ ఉంటే వదిలిన గాలికి విలువే ఉండదు. మూడు నోళ్ల సొలినాయిడ్ మాత్రం గాలిని తానే పూర్తిగా ఆపుతుంది కనుక, అదే ముక్క ఇప్పుడు యాక్చువేటర్‌కు కబురు ఆలస్యంగా చేరవేస్తుంది. ఆ ఆలస్యమే మీరు చూస్తున్న ఎగురు. రెండూ తీసేయండి, గొట్టాలను ఎంత వీలైతే అంత పొట్టిగా కోయండి.

తరువాత స్టార్ట్ బూస్ట్. ఈ అంకె చేరేవరకు కంట్రోలర్ యాక్చువేటర్‌కు గాలి అసలే వెళ్లనివ్వదు, రేకు గట్టిగా మూసుకుని ఉండి టర్బో త్వరగా వేగం అందుకుంటుంది. లక్ష్యం 0.8 అయితే 0.75 దాకా రేకును బిగపట్టి ఉంచడం మరీ ఆలస్యం, తెరుచుకునేందుకు దానికి సమయమే దొరకదు. 0.55 దగ్గర మొదలుపెట్టి, ఎగురు కనిపించని మేరకు 0.05 చొప్పున పైకి రండి. ఇంతవరకూ గెయిన్‌ను సున్నా చేసి ఉంచండి, లేకపోతే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో మీకు తెలియదు. గెయిన్ అంటే లక్ష్యానికీ ఉన్నదానికీ తేడా చూసి కంట్రోలర్ తనంతట తాను డ్యూటీని ఎంత గట్టిగా దిద్దుతుందో చెప్పే కొలత. మూల డ్యూటీ సరిగ్గా కుదిరితే దీని పని చాలా తక్కువ. ఎక్కువ పెడితే బూస్ట్ గీత ఊయలలా పైకీ కిందికీ ఊగుతుంది. ఊగడం మొదలైన చోటి నుంచి కొంచెం వెనక్కి రండి.

సొలినాయిడ్ పౌనఃపున్యం మార్చే వీలుంటే 20 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఉంచండి. అంతకన్నా బాగా ఎక్కువైతే లోపలి పలక పూర్తిగా తెరుచుకునేలోపే మూసుకుంటుంది.

6000 తరువాతి పతనానికి కారణాలు రెండు ఉండవచ్చు. ఎగ్జాస్ట్ పీడనం రేకును లోపలి నుంచి తోసి తెరుస్తూ ఉండవచ్చు, లేదా ఆ వేగంలో టర్బో శక్తి అయిపోయి ఉండవచ్చు. వేరుచేయడానికి ఆ వేగంలో మాత్రమే డ్యూటీని 10 శాతం పెంచి చూడండి. బూస్ట్ లేస్తే మొదటి కారణం. మీ కంట్రోలర్‌లో ఇంజను వేగాన్ని బట్టి డ్యూటీ మార్చే పట్టిక ఉంటే అక్కడ సరిదిద్దవచ్చు, లేకపోతే యాక్చువేటర్ కడ్డీని ఒకటి రెండు చుట్లు బిగించి, సున్నా డ్యూటీ అంకెను మళ్లీ కొలవాలి. బూస్ట్ లేవకుండా లోపలికి వెళ్లే గాలి వేడి మాత్రమే పెరిగితే అది టర్బో హద్దు. నా అభిప్రాయంలో ఆ హద్దు దగ్గర 0.1 బార్ కోసం పోరాడటం వేడి గాలిని కొనుక్కోవడమే.

ప్రశ్నించినవారి నుంచి (నాలుగో గేరు)

ఇత్తడి ముక్క నిజంగానే గొట్టంలో ఉంది, తీసేశాను. గొట్టాలు సగానికి పొట్టివయ్యాయి. స్టార్ట్ బూస్ట్ 0.6 దగ్గర కుదిరింది, ఎగురు ఇప్పుడు 0.83 దాటడం లేదు. ముక్క తీసిన తరువాత అదే 0.8 కోసం డ్యూటీని 35 నుంచి 41కి మార్చవలసి వచ్చింది, ఈ దారిలో వచ్చేవారు దాన్ని గమనించాలి. 6000 పైన డ్యూటీ పెంచితే బూస్ట్ లేవలేదు, గాలి వేడి మాత్రం పెరిగింది. అందువల్ల అక్కడ 0.7నే ఉంచేశాను. చివరిగా ఫ్యూజు తీసి ఒక పరుగు చేశాను, గేజీ 0.5 దగ్గర నిలిచింది.