సియాటెల్ బేస్‌బాల్ టీమ్ మారినర్స్ 2026 సీజన్ ముందు మీకెలా ఉంది? ఆశ ఎంత, భయం ఎంత (చర్చ)

పేటకుర్రోడు_సియాటెల్:
అందరికీ నమస్తే. ఇంకో నెలన్నరలో సీజన్ మొదలు, మార్చి 26న మన గ్రౌండ్‌లోనే క్లీవ్‌లాండ్‌తో ఫస్ట్ మ్యాచ్. ప్రతి ఏడాదీ ఈ టైముకి రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ణి, ఈసారి మాత్రం లోపల ఏదో గుబులుగా ఉంది. పోయిన అక్టోబర్ 20, టొరంటో బ్లూ జేస్‌తో సెమీఫైనల్ ఏడో మ్యాచ్, ఇంకా నన్ను వదల్లేదు. ఆరోజు దీపావళి కదా, మా ఆవిడ గుమ్మం ముందు ప్రమిదలు పెడుతోంది, నేనూ నాన్నా టీవీ ముందు. నాన్న నరసరావుపేట నుంచి వచ్చి అప్పటికి మూడు నెలలు, జులైలో ఆయనకి బేస్‌బాల్ అంటే ఏంటో తెలీదు, అక్టోబర్ వచ్చేసరికి మన క్యాచర్ కాల్ రాలీ ఏ బౌలర్ వస్తే ఏ చేత్తో ఆడతాడో నాకే చెప్తున్నాడు (పిచ్చర్ అనమంటే అనడు, బౌలరే). మూడో ఇన్నింగ్స్‌లో హూలియో రోడ్రిగెజ్ హోమ్ రన్, ఐదులో రాలీ హోమ్ రన్, 3-1 మనం ముందున్నాం. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక అవుట్ కూడా పడింది, ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే ఫైనల్, అంటే వరల్డ్ సిరీస్. 1977లో పుట్టిన టీమ్ ఇంతవరకు ఒక్కసారి కూడా అక్కడ అడుగు పెట్టలేదు, 30 టీముల్లో వెళ్ళనిది మనదొక్కటే. అప్పుడు కొట్టాడు టొరంటో స్ప్రింగర్, మూడు రన్ల హోమ్ రన్. బంతి లెఫ్ట్ ఫీల్డ్ స్టాండ్స్‌లో పడేదాకా నాన్న నోటిదాకా తెచ్చుకున్న జంతిక అక్కడే ఆగిపోయింది, తర్వాత మళ్ళీ ప్లేట్‌లో పెట్టేశాడు. 4-3, ఇంక స్కోరు కదల్లేదు. మ్యాచ్ అయ్యాక నాన్న ఏం మాట్లాడకుండా నూనె సీసా పట్టుకుని బయటికెళ్ళి కొండెక్కుతున్న ప్రమిదల్లో పోసొచ్చి, "వచ్చే ఏడు చూద్దాంలేరా" అన్నాడు.

ఆ వచ్చే ఏడు వచ్చేసింది ఇప్పుడు. నాకు ఒక్కటే తెలుసుకోవాలనుంది, అంత దగ్గరికెళ్ళి ఓడిపోయిన టీమ్‌ని మళ్ళీ ఏప్రిల్ నుంచి 162 మ్యాచ్‌లు నమ్మడం ఎలా? మీలో ఇలాంటివి ముందు చూసినవాళ్ళు ఉంటే చెప్పండి, ఏమనిపిస్తే అది రాయండి.

బోథెల్_పాతకాపు:
బాబూ, నేను ఇక్కడికి వచ్చింది 2000లో. 2001లో ఈ టీమ్ 116 మ్యాచ్‌లు గెలిచింది, ఇచిరోకి అదే మొదటి సీజన్, అప్పుడు మా రూమ్‌లో నలుగురం బ్యాచిలర్స్, ఇంక కప్పు మనదే అనుకున్నాం. యాంకీస్ చేతిలో 4-1 తేడాతో పోయింది. సరే వచ్చే ఏడాది అనుకున్నాం. ఆ వచ్చే ఏడాది రావడానికి 21 ఏళ్ళు పట్టింది. ఈ మధ్యలో నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దాడు కాలేజీకి కూడా వెళ్ళాడు, ప్లేఆఫ్స్ మాత్రం రాలేదు. 2022 సెప్టెంబర్ 30న రాలీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి ఆ కరువు తీర్చిన రాత్రి నేను స్టేడియంలో ఉన్నా, పక్క సీటులో ఎవరో ముసలాయన, ముక్కూ మొహం తెలీదు, పట్టుకుని ఏడ్చేశాడు, నేనూ ఏడ్చా. రెండు వారాలకే హ్యూస్టన్‌తో 18 ఇన్నింగ్స్ ఆడి 1-0తో ఓడిపోయాం, దానికీ వెళ్ళా, ఆరు గంటలు పైన కూర్చున్నా.

నేను చెప్పేదేంటంటే ఓటమి కాదు నన్ను భయపెట్టేది. 2001 తర్వాత టీమ్ ఒక్కసారిగా కూలిపోలేదు, ఒక్కొక్కళ్ళూ వయసైపోయి వెళ్ళిపోతుంటే వాళ్ళ చోట సరైనవాళ్ళు రాలేదు, రెండు మూడేళ్ళు మనకి ఆ సంగతే తెలీలేదు. అందుకే నవంబర్‌లో జాష్ నేలర్‌ని ఐదేళ్ళకి 92.5 మిలియన్లిచ్చి ఉంచుకున్నారని తెలియగానే ముందు నాకు నిద్ర పట్టింది. పోలాంకో మెట్స్‌కి పోయాడు, సువారెజ్ సిన్సినాటికి పోయాడు, ఆ రెండూ బాధే. కానీ ఒక్కణ్ణైనా పట్టుకున్నారు చూడు, పాత రోజుల్లో అది కూడా చేసేవాళ్ళు కాదు.

రెడ్మండ్_రమ్య:
పోలాంకో పేరెత్తకండి బాబాయ్, నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. డెట్రాయిట్‌తో ఐదో మ్యాచ్, అక్టోబర్ 10, మేం ముగ్గురం వెళ్ళాం, పాపకి తొమ్మిదేళ్ళు. వాళ్ళ పిచ్చర్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకవుట్ చేశాడు, మావాళ్ళు బ్యాట్ ఊపడం వెనక్కి రావడం. ఏడులో లియో రివాస్‌ని దింపారు, ఆరోజు అతని పుట్టినరోజు, కొట్టి స్కోరు సమం చేశాడు. అక్కణ్ణుంచి ఇంక అవ్వదు మ్యాచ్. పదకొండు, పన్నెండు, పదమూడు... పాప నా ఒళ్ళో పడుకుంది, తెచ్చుకున్న పులిహోర అయిపోయింది (బయటి తిండి తీసుకెళ్ళనిస్తారు కొత్తవాళ్ళకి చెప్తున్నా, చిన్న జిప్‌లాక్ కవర్లలో పెట్టుకోండి), చలికి కాళ్ళు కొయ్యబారిపోయాయి. ఆ రూఫ్ గొడుగు లాంటిదే, వాన ఆపుతుంది గానీ పక్కలు తెరిచే ఉంటాయి కాబట్టి చలి ఆపదు. పదిహేనో ఇన్నింగ్స్‌లో పోలాంకో కొట్టగానే వచ్చిన అరుపుకి పాప ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందో తెలీకుండానే ఎగరడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి.

నా భయం హూలియో గురించి. మంచి పిల్లాడు, కానీ ప్రతి ఏడాదీ ఏప్రిల్, మే నెలల్లో నీరసంగా మొదలుపెట్టి జులై తర్వాత లేస్తాడు. డివిజన్ (మన ఐదు టీముల గ్రూపు) ఒకటి రెండు మ్యాచ్‌ల తేడాతో తేలేటప్పుడు ఆ రెండు నెలలూ ఎంత ముఖ్యమో చూశాంగా. ఆశ అంటే నేలరే. ఆ మనిషిని చూస్తే పరిగెత్తగలడని ఎవరూ అనుకోరు, పోయినేడు మొత్తం 30 బేస్‌లు దొంగిలించాడు (పిచ్చర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరిగెత్తడం). కాళ్ళు కాదు కళ్ళు ముఖ్యం అని మా పాపకి చూపించి చెప్తుంటా.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్:
నేను హైదరాబాద్ల ఉంటా, సియాటెల్ క్లయింట్‌కి పనిచేస్తా కాబట్టి షిఫ్ట్ అంతా రాత్రే, 2019ల టీమ్ కాల్స్‌ల వాళ్ళు మాట్లాడుకునేది అర్థం చేసుకుందామని మొదలుపెట్టిన, ఇప్పుడు వాళ్ళ కంటే నేనే ఎక్కువ చూస్తున్న. ఏడో మ్యాచ్ మాకు పొద్దున 5:38కి మొదలైంది. పటాకల పొగ ఇంకా పోలేదు, బయట అంతా కాగితాలే, ఇంట్ల అందరూ పండుకున్నరు, నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసిన. స్ప్రింగర్ కొట్టినప్పుడు గట్టిగ అనుడుకి కూడా లేదు, దిండుల మొఖం పెట్టుకున్న.

నాకు ఇప్పటికీ సమజ్ గానిది ఒక్కటే, అంత టైట్ టైమ్‌ల మునోజ్‌ని ఎందుకు దింపలే? టీమ్‌ల బెస్ట్ బౌలర్ అప్పుడు బుల్‌పెన్‌ల (తర్వాత దిగే బౌలర్లు రెడీ అయ్యే చోట) కూసున్నడు. క్రికెట్‌ల గూడ డెత్ ఓవర్ల కోసమని మెయిన్ బౌలర్‌ని దాచిపెట్టి ముందే మ్యాచ్ పోగొట్టుకునుడు ఎన్నిసార్లు చూడలే. మన మేనేజర్ డాన్ విల్సన్ మంచోడే, 2025ల ఆయనే డివిజన్ గెలిపించిండు, 2001 తర్వాత అదే మొదటిసారి. ఈ ఏడాది అసొంటి టైమొస్తే వేరేగ చేస్తడని నమ్ముతున్న.

మా తమ్ముడు ఇంట్ల రేంజర్స్ ఫ్యాన్ అయిండు, వాళ్ళ పిచ్చర్ కుమార్ రాకర్ కోసం. రాకర్ అమ్మ పేరు లలిత, అమ్మమ్మ తాతలు ఇండియా నుంచి పోయినోళ్ళు అని తెలిసిన్నుంచి వాడు వేరే మాట విన్తలేడు. ఒకే డివిజన్ కాబట్టి ఇంట్ల లొల్లి తప్పదు.

టొరంటో_తెనాలి:
నేను అవతలి వైపు మనిషిని, తిట్టకండి. బ్లూ జేస్. ఆ హోమ్ రన్‌కి మా బ్రాంప్టన్‌లో వీధి వీధంతా బయటికొచ్చింది, ఎలాగూ దీపావళి, మిగిలిన చిచ్చుబుడ్లన్నీ అప్పుడే కాల్చేశాం. మీ ఇళ్ళల్లో అదే టైముకి ఏం జరిగిందో ఇప్పుడు చదువుతుంటే మనసుకి ఎలాగో ఉంది.

కానీ పన్నెండు రోజుల తర్వాత మా వంతు వచ్చింది. నవంబర్ 1, వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్‌తో ఏడో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, 4-3 మేమే ముందు, ఇంక రెండంటే రెండు అవుట్లు. మిగెల్ రోహాస్ కొట్టాడు, అసలు హోమ్ రన్లు కొట్టే మనిషే కాదు. పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ ఇంకోటి కొట్టాడు, అయిపోయింది. 1993 నుంచి ఎదురుచూస్తున్నాం మేము. మీకు ఎనిమిది అవుట్లు, మాకు రెండు.

పేట అన్నా, నువ్వడిగినదానికి నా అనుభవం చెప్తా. నవంబర్ అంతా ఒక్క వీడియో చూడలేదు, ఫోన్‌లో యాప్ కూడా తీసేశా. డిసెంబర్‌లో డిలన్ సీజ్ వచ్చాడన్నారు, జనవరి మొదట్లో జపాన్ నుంచి ఒకమోటో వస్తున్నాడన్నారు, అప్పుడు యాప్ మళ్ళీ పెట్టుకున్నా. జనవరి మధ్యలో మా బిషెట్ మెట్స్‌కి వెళ్ళిపోయాడు, మళ్ళీ రెండ్రోజులు తిండి సయించలేదు. అంటే ప్రేమ పోలేదన్నమాట, అది నాకు అప్పుడు తెలిసింది.

చాండ్లర్_చందు:
ఫీనిక్స్ పక్కన ఉంటాను. మన టీమ్ స్ప్రింగ్ ట్రైనింగ్ పియోరియాలోనే, పాడ్రెస్‌తో కలిసి ఒకే కాంప్లెక్స్. మా ఇంటి నుంచి గంట దూరం. ఎవరైనా జీవితంలో ఒక్కసారైనా రండి, మెయిన్ స్టేడియంలో మ్యాచ్ కంటే వెనక ప్రాక్టీస్ గ్రౌండ్స్ బాగుంటాయి. పోయినేడు మన పిచ్చర్ లోగన్ గిల్బర్ట్ బుల్‌పెన్‌లో వేస్తుంటే కంచె పట్టుకుని నిలబడ్డా, పది పన్నెండు అడుగుల దూరం. టీవీలో బంతి వేగం నంబర్‌గా కనపడుతుంది అంతే, అక్కడ మాత్రం ముందు బంతి గాలిని కోస్తున్న శబ్దం, ఆ వెంటనే క్యాచర్ గ్లవ్‌లో తుపాకీ పేలినట్టు చప్పుడు, మా బాబు చెవులు మూసుకున్నాడు.

నా భయం అంతా పిచ్చర్ల చేతులే. పోయినేడు చూడండి, కర్బీకి భుజం, గిల్బర్ట్‌కి ముంజేయి, మిల్లర్‌కి మోచేయి, బ్రయన్ వూకి సరిగ్గా సెప్టెంబర్‌లో ఛాతీ కండరం. ఐదుగురూ ఒకేసారి ఫిట్‌గా ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అలాంటిది కూడా 90 గెలిచాం. ఐదుగురూ నిలబడితే ఎంత దూరం వెళ్తామో అన్నదే నా ఆశ.

దానికి తోడు ఈ మార్చిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్. రాలీ అమెరికాకి, హూలియో డొమినికన్‌కి ఆడుతున్నారు. దేశం కోసం ఆడతానంటే వద్దనడానికి మనమెవరం. కానీ 2023లో అదే టోర్నీలో ఎడ్విన్ డియాజ్ గెలిచిన సంబరంలో ఎగురుతూ మోకాలి దగ్గర తెగ్గొట్టుకుని మెట్స్‌కి ఏడాదంతా ఆడలేదు, అది మర్చిపోలేకపోతున్నా. రాలీ పోయినేడు 159 మ్యాచ్‌లు ఆడాడు, 60 హోమ్ రన్లు, క్యాచర్లలో అంతకుముందు రికార్డు 48. ఎండలో గొంతుక్కూర్చుని లేచి గొంతుక్కూర్చుని లేచే మనిషి అది. ఆ మోకాళ్ళని కాస్త దాచుకోనివ్వాలి.

డోనవన్‌ని కార్డినల్స్ నుంచి తెచ్చుకోవడం మంచిదే, ఎక్కడ నిలబెట్టినా ఆడతాడు, వికెట్ ఊరికే ఇవ్వడు. కానీ అందుకోసం సైన్‌జని ఇచ్చేశారు, రెండు చేతులతోనూ వేసే పిల్లాడు, రెండు చేతులకీ సరిపోయే గ్లవ్ చేయించుకున్నాడు. పోయిన మార్చిలో మా బాబు బాల్ మీద సంతకం పెట్టాడు. ఆ బాల్ ఇంకా వాడి టేబుల్ మీదే ఉంది, టీమ్ మారాడని ఎలా చెప్పాలో తెలీట్లేదు.

రెడ్మండ్_రమ్య:
చందు గారూ చెప్పేయండి, పిల్లలు మనకంటే తొందరగా అర్థం చేసుకుంటారు. మా పాప పోలాంకో జెర్సీ మీద స్టిక్కర్ అతికించి "థాంక్యూ" అని రాసి బీరువాలో పెట్టుకుంది.

ఇంకోటి మర్చిపోయా, ఈ ఏడాది నుంచి బంతి స్ట్రైకా కాదా అన్నదానికి రివ్యూ వస్తోంది, మన డీఆర్ఎస్ లాగే. టీముకి రెండు, కరెక్ట్ అయితే పోవు. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ మాత్రమే అడగాలి, డగౌట్ నుంచి సైగలు కుదరవు. మనకి రాలీ ఉన్నాడు కాబట్టి లాభమే అనుకుంటున్నా.

బోథెల్_పాతకాపు:
లాభమూ నష్టమూ రెండూనమ్మా. అంచున పడ్డ బంతిని మెల్లగా లోపలికి లాక్కుని స్ట్రైక్ ఇప్పించుకోవడం అతని విద్య, 2024లో ప్లాటినమ్ గ్లవ్ (బెస్ట్ ఫీల్డర్ అవార్డు) ఊరికే రాలేదు. ఇప్పుడు అవతలివాడు తల తట్టి రివ్యూ అడిగితే ఆ కష్టం గాల్లో కలుస్తుంది. అయితే ఏ బంతి ఎక్కడ పడిందో వాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు, మన రివ్యూలు వృథా పోవు.

నాకు అసలు భయం ఆటలో లేదు. డిసెంబర్ 1తో ఆటగాళ్ళ యూనియన్‌కీ ఓనర్లకీ ఉన్న ఒప్పందం అయిపోతుంది. ఓనర్లు మళ్ళీ లాకౌట్ అని తాళాలు వేస్తే 2027 ఎప్పుడు మొదలవుతుందో ఎవరు చెప్పగలరు. 1994లో సమ్మె వల్ల వరల్డ్ సిరీసే జరగలేదు. ఈ పిచ్చర్లు, ఈ రాలీ, ఈ హూలియో, అందరూ మంచి వయసులో ఉన్న ఏడాది ఇదొక్కటే గట్టిగా మన చేతిలో ఉన్నది. నాకు 54 వచ్చాయి. ఇంకో 21 ఏళ్ళు అంటే నా వల్ల కాదు, ఈ ఏడే కావాలి నాకు.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్:
కాకా అట్లనకు. అక్టోబర్‌ల నేను లీవ్ పెట్టుకుని అక్కడికొస్త, ఇద్దరం కలిసి చూద్దాం.

పేటకుర్రోడు_సియాటెల్:
అందరికీ థాంక్స్, అన్నీ రెండేసి సార్లు చదివా. టొరంటో తమ్ముడూ, నీ మీద కోపం లేదు, ఆ రెండు అవుట్ల బాధ మాకంటే ఎవరికి బాగా తెలుస్తుంది.

నిన్న నాన్నకి ఫోన్ చేశా. బీపీ ఎలా ఉందని నేనడిగేలోపే "మనోడి మోకాళ్ళు ఎలా ఉన్నాయి" అని అడిగాడు. రాలీ గురించి. పొలం నుంచి వచ్చి స్నానం చేసి రోజూ స్కోర్లు చూసుకుంటానంటున్నాడు, మ్యాచ్‌లు లేవు నాన్నా ఇంకా అంటే ప్రాక్టీస్ మ్యాచ్‌లవి చూస్తానన్నాడు. అది విన్నాక 26వ తారీఖుకి నాలుగు టికెట్లు తీసేశా, థర్డ్ బేస్ వైపు పైన, మేం ముగ్గురం, ఒకటి మిగులుతుంది. బోథెల్ బాబాయ్, మీరొస్తానంటే ఆ సీటు మీదే. లెఫ్ట్ ఫీల్డ్ గేటు దగ్గర ఆ పెద్ద కంచు గ్లవ్ బొమ్మ ఉంది కదా, అక్కడ ఉంటాం. చలికోటు మర్చిపోకండి.

బోథెల్_పాతకాపు:
వస్తున్నా. పులిహోర నేను తెస్తా.