బర్గండీలో నాన్నతో సైకిల్ ప్రయాణం: సొరంగం మూసి ఉంటే ఎలా?

అందరికీ నమస్కారం. నేను ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. తెనాలి నుంచి నాన్న వచ్చారు, వయసు 64. మార్చి చివర్లో ఇద్దరం జివ్రీ నుంచి క్లూనీ మీదుగా మాకోన్ వైపు సైకిళ్ల మీద వెళ్దామనుకుంటున్నాం. పాత రైలుమార్గం మీద 1997లో తెరిచిన దారి అది, కార్లూ లారీలూ రావు. జివ్రీ నుంచి క్లూనీకి 44 కిలోమీటర్లు. రైలు కోసం వేసిన కట్ట కాబట్టి చుట్టూ ద్రాక్షతోటల గుట్టలున్నా ఎక్కుడు పెద్దగా తెలియదు. (మధ్యలో బుస్సీ అని ఊరుంది, మన బొబ్బిలి బుస్సీ కాదు లెండి.)

నా టెన్షన్ అంతా క్లూనీ దాటాకే. అక్కడ బ్వా క్లేర్ సొరంగం, 1.6 కిలోమీటర్ల పొడవు. లోపల గబ్బిలాలు నిద్రపోతాయని చలికాలంలో మూసేస్తారు. అప్పుడు కొండ మీదుగా వెళ్లాలి. నాన్నేమో జన్మంతా గేర్లు లేని అట్లాస్ తొక్కిన మనిషి. మొన్న ట్రయల్‌కి అద్దె సైకిల్ ఇప్పిస్తే రెండు గేర్లూ ఒకేసారి నొక్కి చైను ఊడగొట్టారు. చేతులకంటిన గ్రీజు గడ్డికి తుడుచుకుంటూ "దీనికన్నా నాదే నయం రా" అన్నారు.

ఆ కొండదారిన వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? దిగి నడిపించుకోవాల్సినంత ఎత్తా? కార్ల రద్దీ ఎలా ఉంటుంది? లేక క్లూనీలోనే ఆగి బస్సెక్కడం మేలా, సైకిళ్లు ఎక్కించనిస్తారా? ఇంకోటి, ఆదివారం మధ్యాహ్నం ఆ ఊళ్లలో శాకాహారం ఏమైనా దొరుకుతుందా? పులిహోర కట్టుకెళ్లడం ఎలాగూ ఖాయమే, అయినా అడుగుతున్నా.