నిమ్మగడ్డి నూనె పడడం లేదు, దోమలకు ఇంకేం వాడొచ్చు?

నమస్కారమండీ. మాది రాయగడ. ఇక్కడ మలేరియా భయం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి సాయంత్రం కాగానే మా అమ్మ కొబ్బరినూనెలో నిమ్మగడ్డి నూనె కలిపి చేతులకూ మెడకూ రాసుకునేది. ఈమధ్య రాసిన చోటల్లా ఎర్రగా కందిపోయి, మోచేతి మడతల్లో సన్నటి నీటిపొక్కులు లేస్తున్నాయి. రాత్రంతా గోక్కుంటూనే ఉంటుంది, చూడలేకపోతున్నాను. స్కిన్ డాక్టరు కాంటాక్ట్ డెర్మటైటిస్ అన్నారు, అంటే చర్మానికి తగిలినది పడక వచ్చే వాపు, దురద. ఆ నూనెలో ఉండే సిట్రాల్ కొందరికి పడదట, ఒకసారి ఎలర్జీ మొదలైతే కొంచెం తగిలినా మళ్ళీ వస్తుందట. వెంటనే మానిపించాను.

సిట్రొనెల్లా, యూకలిప్టస్ రాయమని ఇరుగుపొరుగు చెబుతున్నారు. అవీ ఘాటు నూనెలే కదా, నాకు ధైర్యం చాలడం లేదు. మొక్క నుంచి వచ్చింది కాబట్టి ఏం కాదంటే నేనిక నమ్మను. రాత్రికి మందు పట్టించిన దోమతెర ఉంది. ఇబ్బందంతా దీపాలు పెట్టే వేళ, అమ్మ అరుగు మీద కూర్చున్నప్పుడే. ఇలాంటి చర్మం ఉన్నవాళ్ళు ఎవరైనా దోమలు దగ్గరికి రాకుండా ఒంటికి రాసుకునే పికారిడిన్ క్రీము వాడారా? మంట పుట్టిందా? ముందు మోచేతి లోపల కొంచెం రాసి చూడాలని తెలుసు, ఎన్ని రోజులు చూడాలి?

ఇంకో మాట. అమ్మకు మొగలి అత్తరంటే ప్రాణం, గంజాం నుంచి తెప్పించుకుంటుంది. ఒంటికి కాకుండా చీర కొంగుకు రాసుకున్నా ప్రమాదమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.