పుస్తకం పది పేజీలు దాటడం లేదు, ఎవరైనా బయటపడ్డారా?

ఇంటర్ సెలవుల్లో మూడొందల పేజీల నవల రెండ్రోజుల్లో ముగించేదాన్ని. ఇప్పుడు నలభై రెండేళ్లు. మొన్న సంక్రాంతికి కొన్న నవలలో గుర్తుగా పెట్టిన బస్సు టికెట్ ఇంకా 11వ పేజీలోనే ఉంది. ఒక పేరా చదవగానే చెయ్యి దానంతటదే దిండు కిందికి పోతుంది. ఫోన్ మోగి కాదు, ఊరికే!

2020 జూన్‌లో టిక్‌టాక్‌ని ఆపేసినప్పుడు పొట్టి వీడియోల గోల తీరిందనుకున్నా. నెల తిరక్కుండానే అవి వేరే యాప్‌లలోకి వచ్చేశాయి.

నోటిఫికేషన్లు ఆపేశా. స్క్రీన్ నలుపు తెలుపు చేశా, నాలుగు రోజులు పనిచేసింది. తర్వాత రంగుల్లేని వీడియోలే చూస్తూ కూర్చున్నా (నవ్వకండి).

కీప్యాడ్ ఫోన్‌కి మారిన వాళ్లున్నారా? ఓటీపీలు మెసేజ్‌లో వస్తాయి, డబ్బులకి 2022లో వచ్చిన, కీప్యాడ్ ఫోన్‌లో నెట్ లేకుండానే పనిచేసే యూపీఐ 123పే ఉంది. చిక్కల్లా పాప స్కూలు వాట్సాప్ గ్రూపే. దాన్నెలా సర్దుకున్నారు?

ఇంకోటి, మళ్లీ చదవడం కథలతో మొదలుపెట్టారా, లేక ఆగిన నవలనే పట్టుకున్నారా? ఎన్నాళ్లకి కుదిరింది? ధ్యానం చెయ్యమని మాత్రం చెప్పకండి, అదీ యాప్‌లోనే మొదలుపెట్టా.