రాత్రిపూట పొలాల దగ్గర తెలియని బండి ఆగి ఉంటే 100కి ఫోన్ చేయొచ్చా?

బత్తాయి రైతు, నల్లగొండ:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు దిక్కు ఒక ఊరు. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి మా పొలాల్లో బోర్ల దగ్గర కేబుల్ వైరు కోసుకుపోతున్నారు. పొద్దున పోయి చూస్తే స్టార్టర్ డబ్బా తలుపు తెరిచి ఉంటుంది, కింద జానెడు వైరు ముక్క వేలాడుతుంటుంది, మిగతాదంతా మాయం. మొన్న కాలువ గట్టు మీద కాల్చిన రబ్బరు తోలు కుప్ప కనిపించింది. రాగి తీసుకొని పైతోలు అక్కడే పడేసి పోయారు. మళ్లీ వైరు కొని బిగించేదాకా నీళ్లు బంద్. ఈ ఎండలకు బత్తాయి పిందె ఎన్ని రోజులు ఆగుతుంది?

నిన్న రాత్రి పొలానికి పోతుంటే బండ్ల బాటలో ఒక ట్రాలీ ఆటో లైట్లు ఆర్పేసి ఆగి ఉంది. నంబర్ ప్లేటుకి గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూడగానే స్టార్ట్ చేసుకొని పోయారు. 100కి కొడదామంటే మా నాయన వద్దన్నాడు. "వాళ్లు వైరు కోసింది నువ్వు చూసినవా? రేపు సాక్ష్యమని కోర్టు చుట్టూ తిప్పుతరు. పొద్దున పెద్దమనుషులతో మాట్లాడదాం" అన్నాడు. వట్టి అనుమానం మీద ఫోన్ చేయొచ్చా? చేస్తే కేసవుతుందా? ఇంత చిన్న దొంగతనానికి స్టేషన్ దాకా పోవాలా? రాత్రి నుంచి ఒకటే టెన్షన్, తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, మహబూబ్‌నగర్:

తమ్ముడూ, చేయొచ్చు. బండి కళ్ల ముందు ఉన్నప్పుడే చేయాలి, పొద్దున కాదు. మీ నాయన భయం నాకు తెలుసు, నా సర్వీసంతా ఊళ్లలో ఈ మాట వింటూనే ఉన్నాను. 100కి చేసినా 112కి చేసినా అది సాయం కోసం చేసే ఫోనే. దాంతోనే కేసు కాదు, నువ్వు సాక్షివీ కావు. అనుమానంగా ఉందని చెప్పడమే నీ పని, దొంగా కాదా తేల్చడం వాళ్ల పని.

ఎట్లా చెప్పాలో కూడా విను. ఆ ఫోన్ మీ మండలం స్టేషన్‌కి నేరుగా పోదు, కంట్రోల్ రూమ్‌లో ఎత్తుతారు. వాళ్లకు మీ ఊరు తెలియదు. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటాయి కాబట్టి ఊరితో పాటు మండలం, జిల్లా చెప్పు. తర్వాత గుర్తు: కాలువ తూము, సబ్‌స్టేషన్, గుడి, ఏది దగ్గరుంటే అది. బండి రకం, రంగు, ఎటు పోయింది, ఎంతమంది ఉన్నారు, అంతే. తర్వాత పెట్రోలింగ్ వాళ్లు దారి కోసం నీకే తిరిగి ఫోన్ చేస్తారు, ఎత్తాలి. ఊర్లో పేరు బయటపడుతుందని భయముంటే "బండి మా ఇంటి ముందు ఆపకండి" అని అప్పుడే చెప్పు. బండికి అడ్డం మాత్రం పోకు. వైరు కోసేవాళ్ల చేతిలో కత్తెర, కత్తి ఉంటాయి.

ఇక జరిగిపోయిన దొంగతనాలకు 100 కాదు, స్టేషన్‌లో దరఖాస్తు. ఇక్కడే మన రైతులు నష్టపోతున్నారు. వైరు పోయిన వాళ్లలో ఒక్కరు కూడా స్టేషన్ మెట్లు ఎక్కరు. రాసిచ్చినవాళ్లు లేకపోతే స్టేషన్ రికార్డులో మీ ఊర్లో దొంగతనమే లేదు. రాత్రి బీటు ఎటు తిరగాలో ఎస్సై రికార్డు చూసి వేస్తాడు. అందరూ కలిసి పోండి, కానీ ఎవరి దరఖాస్తు వాళ్లే రాయండి: ఏ రోజు, ఎన్ని మీటర్లు, కొన్న బిల్లు ఎంత. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టాల్లో ఐదు వేల లోపు దొంగతనానికి దారి వేరు, కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే "కొంత వైరు పోయింది" అని రాయకుండా విలువ సరిగ్గా రాయాలి. దరఖాస్తుకి రసీదు అడగండి. ఎఫ్ఐఆర్ అయితే కాపీ ఉచితంగా ఇస్తారు. కాలిన తోలు కుప్పను ఎవరూ కదపకండి, ఫోటో తీసి చూపించండి.

ట్రాక్టర్ డ్రైవర్, మిర్యాలగూడ:

పోలీసులు వచ్చేలోపు దొంగ జిల్లా దాటుతాడు అన్నా. మా దిక్కు నలుగురం కాపలా ఉంటున్నాం. దొరికితే కరెంటు స్తంభానికి కట్టేసి నాలుగు తగిలిస్తే మళ్లీ ఆ ఊరి మొహం చూడడు.

అంగన్‌వాడీ టీచర్, గద్వాల:

తమ్మీ, ఆ మాట అనకు. 2018 ఎండాకాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతుందని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. మా ఊర్లో చీకటి పడితే ఆడవాళ్లు వాకిట్లో పడుకోవడం మానేశారు, మగవాళ్లు కట్టెలు పట్టుకొని కూర్చున్నారు. రాష్ట్రంలో వేరేచోట్ల అట్లాగే అనుమానంతో కొట్టి మనుషుల ప్రాణాలు తీశారు. ఇక్కడ అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఊరికొక కానిస్టేబుల్‌ని పెట్టారు. వాళ్లు డప్పు కొట్టి, పాటలు పాడి, ఆ వీడియోలు అబద్ధమని ఇంటింటికీ చెప్పారు. కొత్త మనిషి కనిపిస్తే చేయి చేసుకోవద్దు, మాకు ఫోన్ చేయండి అన్నారు. ఆ కానిస్టేబుల్ నంబర్ మా అందరి ఫోన్లలో ఉండేది. ఆయన మొహం తెలుసు కాబట్టి ఫోన్ చేయడానికి ఎవరూ జంకలేదు. బత్తాయి తమ్మీ, మీ ఊరికి కూడా ఎవరినైనా కేటాయించారేమో స్టేషన్‌లో అడుగు. ఆ నంబర్ గ్రామ పంచాయతీ గోడ మీద రాయించు.

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, మహబూబ్‌నగర్:

టీచరమ్మ చెప్పింది నిజం. మిర్యాలగూడ తమ్ముడూ, కాపలా ఉండండి, మంచిదే. కళ్ల ముందు దొంగతనం చేస్తుంటే పట్టుకోవడానికి చట్టం కూడా ఒప్పుకుంటుంది. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎక్కువలో ఎక్కువ ఆరు గంటల్లో, పోలీసులకు అప్పజెప్పాలి. కట్టేసి కొడితే మాత్రం కేసు మీ నలుగురి మీద అవుతుంది. పొరపాటున ప్రాణం పోతే దొంగ ఇంట్లో, మీ ఇళ్లల్లో పిల్లలు ఒక్కతీరుగా ఆగమవుతారు. అట్లాంటి ఇళ్లకు నేను కబురు చెప్పడానికి పోయాను, ఆ తల్లుల ఏడుపు ఇప్పటికీ మర్చిపోలేను. దయచేసి ఆ పని చేయకండి.

బత్తాయి రైతు, నల్లగొండ:

పెద్దాయనా, టీచరమ్మా, మీకు దండాలు. మీరు రాసింది మా నాయనకు చదివి వినిపించాను. ఫోన్ చేస్తే సాక్షివి కావని విన్నాక ఆయనే మిగతా రైతుల దగ్గరికి పోయి బిల్లులు వెతకమని చెప్పి వచ్చాడు. ఒక్క సందేహం: మా వైరు బిల్లు మా బావ పేరు మీద ఉంది, ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు. దరఖాస్తు నేను ఇస్తే తీసుకుంటారా?

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, మహబూబ్‌నగర్:

తీసుకోవాలి. నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా ఇవ్వొచ్చు. పొలం, బోరు మీవేనని రాసి బిల్లు జిరాక్స్ జతపరచు. వద్దంటే అదే దరఖాస్తు ఎస్పీ గారికి పోస్టులో పంపు.