భవిత సెంటర్లో మొండికేసే పిల్లాణ్ణి నవ్వించి రాయించొచ్చా?

ప్రకాశం జిల్లాలో ఒక భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఐఈఆర్టీగా, అంటే ఆ పిల్లలకి పాఠాలు చెప్పే రిసోర్స్ టీచరుగా చేస్తున్నానండీ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, మా ఒక్క గదిలోనే నాలుగు రకాలున్నాయి. వాళ్ళలో పదకొండేళ్ళ బాబు ఒకడు. మేధోవైకల్యం, మైల్డే. అక్షరాలన్నీ వచ్చు. పలక చేతికిస్తే మాత్రం బోర్లా పెట్టి దానిమీద కూర్చుంటాడు. "రాయి నాన్నా" అంటే "రాదు". చాక్లెట్లు అయ్యాయి, స్టార్లూ అయ్యాయి. స్టార్లు మొహానికి అంటించుకుని బల్లకింద దూరాడు.

మొన్న పరధ్యానంలో బోర్డు తుడిచే గుడ్డతో మొహం తుడుచుకున్నా. ముక్కంతా సుద్ద. వాడు పడీపడీ నవ్వి, బల్లకింద నుంచి వచ్చి తన రుమాలు ఇచ్చాడు. ఆ ఊపులో రెండు మాటలు రాశాడు కూడా. మర్నాడు కావాలని పూసుకుంటే నావంక జాలిగా చూశాడు!

తనిఖీకి వచ్చినాయన "ఇది క్లాసా, సర్కసా" అని వెళ్ళారు. రోజూ నవ్వించి పని చేయించడం కుదిరేదేనా?

జవాబు (రిటైరైన స్పెషల్ టీచర్):
సుద్ద పాతబడిపోయిందమ్మా, వదిలెయ్. నవ్వు పాఠంలోంచే రావాలి. మీవాడి ఐఈపీలో, అదే వాడికోసం విడిగా రాసుకునే పాఠాల ప్రణాళికలో, ఏం రాసుకున్నావు? మాటలు చూసి రాయడమేనా? అయితే బోర్డు మీద "అమ్మ కషాయంలో పాము వేసింది" అని రాసి, ఏమీ ఎరగనట్టు చదువు. వాము అని తెలిసినవాడు ఊరుకోలేడు. సుద్దముక్క లాక్కుని దిద్దుతాడు. ప, వ తేడా ఆ ఎడమపక్క చిన్న ముడిలోనే ఉంది, అది దిద్దించడానికి నేను నెలల తరబడి పలకలు అరగదీయించినదాన్ని. తప్పు నీదవ్వాలి, దిద్దేది వాడవ్వాలి. వెంటనే "చూశావా, రాయడం వచ్చుగా" అని మాత్రం అనకు. మళ్ళీ బల్లకిందికే పోతాడు.

జవాబు (ఒక అమ్మ):
మేడమ్, మా పాపకి ఆటిజం. వాళ్ళ టీచరు ముద్దుగానే "నా బుర్ర తినేస్తున్నావే తల్లీ" అన్నారట. రాత్రి అన్నం ముట్టకుండా "నేను టీచర్ బుర్ర తినలేదమ్మా" అని ఒకటే ఏడుపు. మాటల జోకులు దానికి ఎక్కవు. గేదె కాళ్ళకి బూట్లు తొడిగిన బొమ్మ చూపిస్తే విరగబడి నవ్వుతుంది. ఇప్పుడు ఆ టీచరే జోకు వేసేముందు ముక్కు పట్టుకుంటారు, అది గుర్తు. మీ గదిలో అలాంటి పిల్లలుంటే కాస్త చూసుకోండి.

జవాబు (సెరిబ్రల్ పాల్సీ, అంటే కదలికలు కష్టమయ్యే వైకల్యం ఉన్న ఉద్యోగి):
నేను గుమ్మంలోకి రాగానే ఒక మాస్టారు "ఎక్స్‌ప్రెస్ వచ్చిందిరోయ్" అనేవారు. క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. తర్వాత ఆయన బోర్డు వైపు తిరిగేదాకా వరండాలో నిలబడి లోపలికి వెళ్ళడం అలవాటైంది. పిల్లాడు నవ్వుతున్నాడు కదా అని లెక్కేసుకోకండి మేడమ్, వాడు రేపు ముందుగా వస్తున్నాడా, ఆలస్యంగా వస్తున్నాడా చూడండి.

అడిగినావిడ, పదిరోజుల తర్వాత:
పాము పనిచేసిందండీ. మొదటిరోజు గట్టిగా అరిచాడే గానీ సుద్దముక్క ముట్టలేదు. రెండోరోజు నేను "పంకాయ కూర" అని రాస్తే లేచొచ్చి చెయ్యి అడ్డంపెట్టి చెరిపేశాడు, వ రాశాడు, వంకరగా. ఆటిజం పాపకి ముక్కు గుర్తు పెట్టాం. ఇప్పుడు అందరూ ముక్కులు పట్టుకుంటున్నారు, అదో గోల. ఇక నిన్న మధ్యాహ్నం నాకు అజీర్తి చేసి ఫ్లాస్కులో వాము నీళ్ళు తెచ్చుకున్నా. వాడు ఎవరూ చెప్పకుండానే పలక తీసుకుని ఏదో గీకి, ఫ్లాస్కుకి ఆనించి పోయాడు. చూస్తే "పాము నీలు".

దిద్దమని నాకు సుద్దముక్క ఇచ్చాడు.