ఆర్‌ఎన్‌ఏ హెలికేజ్ అన్ని కణాల్లోనూ ఉంటుంది కదా, దాన్ని ఆపితే క్యాన్సర్ కణానికే ఎక్కువ దెబ్బ ఎందుకు?

బయోకెమ్_వరంగల్:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను, వచ్చే వారం సెమినార్‌లో ఇఐఎఫ్4ఏ అనే ఆర్‌ఎన్‌ఏ హెలికేజ్ (ఆర్‌ఎన్‌ఏ మడతలు విప్పే ప్రోటీన్) గురించి మాట్లాడాలి. అది ఏటీపీ (కణానికి ఇంధనం) ఖర్చుపెట్టి ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీ సూచన మోసే అణువు) ముందు భాగంలోని మడతలు విప్పుతుందని, అప్పుడే ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ చిన్న భాగం, తయారీ మొదలయ్యే ఏయూజీ అనే చోటు దాకా నడవగలుగుతుందని అర్థమైంది. కానీ మన శరీరంలో ప్రతి కణమూ ప్రోటీన్లు తయారు చేసుకోవాల్సిందే కదా. మరి ఈ హెలికేజ్‌ని అడ్డుకునే పదార్థాలు క్యాన్సర్‌కి మందులుగా పనికొస్తాయని ఎలా అంటున్నారు? మా సార్ ఇదే అడుగుతారు, ఆ టెన్షన్‌తో వారం నుంచి పేపర్లు తిరగేస్తున్నా.

రైబోజోమ్_రాధ:
మంచి ప్రశ్న తమ్ముడూ, అసలు విషయం అక్కడే ఉంది. ఇఐఎఫ్4ఏ అవసరం అన్ని ఎంఆర్‌ఎన్‌ఏలకీ ఒకేలా ఉండదు. యాక్టిన్ లాంటి రోజువారీ ప్రోటీన్ల ఎంఆర్‌ఎన్‌ఏకి 5 ప్రైమ్ యూటీఆర్, అంటే ఏయూజీకి ముందుండే భాగం, పొట్టిగా ఉంటుంది, మడతలు తక్కువ, హెలికేజ్ కాస్త తగ్గినా పని నడిచిపోతుంది. మిక్, సైక్లిన్ డీ1 లాంటి పెరుగుదల జన్యువుల ముందు భాగాలు పొడుగ్గా, జీ, సీ అక్షరాలతో నిండి, గట్టిగా ముడిపడి ఉంటాయి. చీరకొంగు ముడి వదులైతే వేలితోనే ఊడొస్తుంది, బిగుసుకుంటే చాలాసేపు కుస్తీ పట్టాలి, ఇదీ అంతే. క్యాన్సర్ కణం బతికేదే ఆ రెండో రకం ఎంఆర్‌ఎన్‌ఏల మీద. కాబట్టి హెలికేజ్‌ని పూర్తిగా ఆపనక్కర్లేదు, కొంత తగ్గించినా ముందు కుదేలయ్యేవి అవే.

ఇంకో సంగతి, ఇది నీ సార్‌కి తప్పక చెప్పు. మామూలు కణంలో ఈ హెలికేజ్‌కి కళ్లెం ఉంటుంది. పీడీసీడీ4 అనే ప్రోటీన్ ఇఐఎఫ్4ఏని పట్టుకుని దాని తోడు ప్రోటీన్ ఇఐఎఫ్4జీ దగ్గరికి పోనివ్వదు. ఎంటార్ దారి (కణాన్ని పెరగమని చెప్పే సంకేతాల దారి) చురుగ్గా ఉంటే దాని కింద పనిచేసే ఎస్6 కైనేజ్ అనే ఎంజైమ్ పీడీసీడీ4కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ గుర్తు పడగానే కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. చాలా క్యాన్సర్లలో ఎంటార్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, అంటే కళ్లెం తెగిపోయినట్టే.

ఆకుపచ్చ_లెక్చరర్:
బోటనీ వైపు నుంచి ఒక మాట. ఈ హెలికేజ్‌ని పట్టుకునే రొకాగ్లమైడ్, సిల్వెస్ట్రాల్ రెండూ అగ్లాయా జాతి చెట్ల నుంచి వచ్చినవి. రొకాగ్లమైడ్‌కి ల్యుకేమియా (రక్త క్యాన్సర్) మీద ప్రభావం ఉందని 1982లోనే రాశారు, అది దేన్ని పట్టుకుంటుందో తేలడానికి దశాబ్దాలు పట్టింది. నాకు భలే నచ్చిన విషయం ఏంటంటే, తన విషం తనకే తగలకుండా అగ్లాయా చెట్టు తన ఇఐఎఫ్4ఏలోనే మార్పు చేసుకుంది. మనిషి ప్రోటీన్‌లో 163వ స్థానంలో ఫినైల్ అలనిన్ ఉంటుంది, ఈ చెట్టులో దానికి సరిపోయే చోట వేరే అమైనో ఆమ్లం ఉంది, అందుకే రొకాగ్లమైడ్ అక్కడ కుదురుకోదు.

అగ్లాయా మన వేప కుటుంబంలోదే. అలాగని వేపాకు నమిలితే ఇదే పని జరుగుతుందని ఎవరూ అనుకోకండి, ఈ రొకాగ్లేట్లు (రొకాగ్లమైడ్, సిల్వెస్ట్రాల్ లాంటివి) అగ్లాయా జాతికే ప్రత్యేకం.

బయోకెమ్_వరంగల్:
రాధ గారూ, లెక్చరర్ గారూ, చాలా థ్యాంక్సండీ. 2014 నేచర్ పేపర్‌లో సిల్వెస్ట్రాల్ ఇచ్చిన ల్యుకేమియా కణాల్లో బాగా దెబ్బతిన్న ఎంఆర్‌ఎన్‌ఏల్లో చాలావాటికి జీ-క్వాడ్రుప్లెక్స్ మడత (జీ అక్షరాలు నాలుగేసి కలిసి ఏర్పడే గట్టి మడత) లక్షణం అని ఉంది. ఇఐఎఫ్4ఏ మీద ఆధారపడేవి అవేనని రాసేయొచ్చా?

పోస్ట్‌డాక్_కిరణ్:
అలా నేరుగా రాయకు. ఆ పేపర్ ముఖ్యమైనదే, సీజీజీ వరుసలు నాలుగుసార్లు వచ్చే ముందు భాగాలు టీ-కణ ల్యుకేమియాలో ఎక్కువ దెబ్బతిన్నాయని చూపించింది. కానీ రొకాగ్లేట్లు ఇఐఎఫ్4ఏని ఊరికే ఆపవని 2016లో తేలింది. ఏ, జీ అక్షరాలు వరుసగా ఉన్న చోట ఆ హెలికేజ్‌ని ఆర్‌ఎన్‌ఏకే బిగించేస్తాయి, వెనక నుంచి నడిచొచ్చే రైబోజోమ్ దాన్ని దాటలేక ఆగిపోతుంది. అంటే సిల్వెస్ట్రాల్‌తో దెబ్బతిన్న జాబితా వేరు, హెలికేజ్ కొరవడితే దెబ్బతినే జాబితా వేరు, రెండూ కొంతవరకే కలుస్తాయి. ఈ తేడా చూడాలంటే హిప్పురిస్టనాల్‌తో చేసిన ప్రయోగాలు చదువు. సముద్రపు పగడాల నుంచి వచ్చిన ఆ పదార్థం ఇఐఎఫ్4ఏని ఆర్‌ఎన్‌ఏ పట్టుకోనివ్వదు, బిగించడం అనే గొడవే ఉండదు.

రాధ గారు చెప్పింది సరైనదే కానీ ఒక్కటి కలపాలి. మామూలు కణాలకు ఏమీ కాదని మాత్రం అనకు. ప్రేగు గోడ, ఎముక మజ్జ లాంటి చోట్ల కణాలు వేగంగా విభజన చెందుతాయి, వాటికీ ఈ హెలికేజ్ కావాలి. డోసు ఎంత ఇస్తే కణితి తగ్గి మనిషి తట్టుకుంటాడు అన్నదే అసలు పరీక్ష. జొటాటిఫిన్ అనే కృత్రిమ రొకాగ్లేట్‌ని రొమ్ము క్యాన్సర్‌తో సహా కొన్ని కణితుల మీద మనుషుల్లో పరీక్షించారు, అది ఆమోదం పొందిన మందు కాదు.

ఇఐఎఫ్4ఏతోనే ఆపేయకు కూడా. డీడీఎక్స్3ఎక్స్ అనే ఇంకో హెలికేజ్ ఉంది, పిల్లల మెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌లో దాని మ్యుటేషన్లు తరచుగా కనిపిస్తాయి. ఇక్కడ కథ "హెలికేజ్ ఎక్కువైతే క్యాన్సర్" అన్నంత తేలిక కాదు, ఆ మ్యుటేషన్లు చాలావరకు దాని పని దెబ్బతీసేవే. ఒక స్లైడ్ దీనికి ఉంచుకో, సార్ తప్పకుండా అక్కడే ఆగుతారు.